పసిపిల్లలకు నిజం చెప్పే బొమ్మల కార్యక్రమం తెలుగులో రావాలి: కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారములు.

దూరదర్శన్ యాదగిరి, సప్తగిరి కేంద్రాల ద్వారా మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లల కోసం రోజూ ఒక అరగంట బొమ్మల కార్యక్రమాన్ని తెలుగులో తయారు చేయించవలసిందిగా కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. అక్షరాలు, అంకెలు, రంగులు నేర్పే పాటలు ఇప్పుడు ప్రతి ఫోనులోనూ దొరుకుతున్నాయి కాబట్టి, వాటి కోసమే అయితే మిమ్మల్ని శ్రమపెట్టేదాన్ని కాను. ఇంట్లో ఒక మనిషి చనిపోయినప్పుడు నాలుగేళ్ల పిల్లకు ఏం చెప్పాలో తోచక పెద్దలంతా మాట మార్చే సమయంలో, ఆ పిల్లకు అర్థమయ్యే మాటల్లో, భయపెట్టకుండా, అబద్ధమాడకుండా నిజం చెప్పగలిగే కార్యక్రమం కావాలని నా కోరిక. అది సాధ్యమేనని నలభై ఏళ్ల కిందటే ఒకరు చేసి చూపించారు.

అమెరికాలో 1969 నవంబరు 10న మొదలైన సెసమీ స్ట్రీట్ అనే పిల్లల టీవీ బొమ్మల కార్యక్రమంలో మిస్టర్ హూపర్ అనే ముసలి దుకాణదారు మొదటి రోజు నుంచీ ఉన్నాడు. పైకి కాస్త చిరాకు మనిషిలా కనిపించినా పిల్లలంటే ప్రాణమిచ్చే ఆ తాత పేరును, ఎనిమిది అడుగుల పైచిలుకు ఎత్తుండే పసుపుపచ్చ పక్షి బొమ్మ బిగ్ బర్డ్ ఎన్నేళ్లయినా సరిగా పలకలేకపోయేది. ఆయన ప్రతిసారీ దిద్దేవాడు. 1982 డిసెంబరు 7న ఆ పాత్రధారి విల్ లీ గుండెపోటుతో మరణించారు. వేరే నటుణ్ణి పెట్టడం, లేదా హూపర్ మరో ఊరికి మకాం మార్చాడని ఒక్క మాటలో దాటవేయడం నిర్మాతలకు తేలికైన దారులు. నిర్మాణ బాధ్యతలు చూస్తున్న డల్సీ సింగర్, ముఖ్య రచయిత నార్మన్ స్టైల్స్ ఆ దారుల్లో పోలేదు. పిల్లల మనస్తత్వ నిపుణులను సంప్రదించి, మరణాన్ని మరణంగానే చెప్పే ఒక భాగాన్ని తయారు చేసి, 1983 నవంబరు 24న ప్రసారం చేశారు.

ఆ భాగంలో బిగ్ బర్డ్ తన పెద్ద స్నేహితులందరి బొమ్మలూ గీసి ఒక్కొక్కరికీ పంచుతుంది. చివరికి హూపర్ బొమ్మ ఒక్కటి మిగులుతుంది. దాన్ని ఆయనకు ఇవ్వాలని ఉత్సాహపడుతుంటే, ఆయన చనిపోయాడని ముందే చెప్పాం కదా అని ఆ పెద్దల్లో ఒకరైన మరియా మెల్లగా గుర్తు చేస్తుంది. అవునవును, గుర్తుంది, తిరిగి వచ్చాక ఇస్తానులే అంటుంది బిగ్ బర్డ్. చనిపోయినవాళ్లు ఇక తిరిగి రారని సూసన్ లేచి వచ్చి చెబుతుంది. ఎప్పటికీ రారా అని అది అడుగుతుంది, ఎప్పటికీ రారనే జవాబు వస్తుంది. మరి నాకు మిల్క్‌షేక్ ఎవరు చేసిపెడతారు, కథలు ఎవరు చెబుతారు అని దాని తరువాతి ప్రశ్న. కొట్టు ఇకమీదట తాను చూసుకుంటానని డేవిడ్ ధైర్యం చెబుతాడు. అయినా అన్నీ మునుపటిలా ఉండవని బిగ్ బర్డ్ అంటే, ఉండవని పెద్దలూ ఒప్పుకుంటారు. ఎందుకిలా జరగాలి, ఒక్క కారణం చెప్పండని అది నిలదీసినప్పుడు గార్డన్ దగ్గర జవాబు ఉండదు. ఇలా ఉంటుంది, అంతే అని మాత్రం అనగలుగుతాడు.

మంత్రి గారూ, నేను పూర్వ ప్రాథమిక తరగతుల పిల్లలకు పాఠం చెప్పే ఉపాధ్యాయురాలిని. ఆ దృష్టితో చూస్తే ఈ కొద్ది నిమిషాల్లో ఎంత ఆలోచన ఇమిడి ఉందో నాకు ఆశ్చర్యం కలుగుతుంది. చనిపోవడమంటే తిరిగి రాకపోవడమనే సంగతి ఆ వయసు పిల్లలకు ఒక్కసారి చెబితే అందదు. నిన్న విని తల ఊపిన పిల్లే ఇవాళ మళ్లీ అడుగుతుంది. బిగ్ బర్డ్ మరిచిపోయి మళ్లీ అడగడం అందుకే. నాకు అన్నం ఎవరు పెడతారు, నన్ను బడికి ఎవరు తీసుకెళతారు అనే ప్రశ్నలు స్వార్థంతో వచ్చేవి కావు, అవి ఆ వయసు భయాలు. పెద్దలు విసుక్కుంటారేమోనని పిల్ల అడగలేని ఆ ప్రశ్నలను బొమ్మ దాని తరఫున అడిగేస్తుంది. నిద్రపోయాడు, దూరం వెళ్లాడు వంటి మాటలు ఆ సంభాషణలో ఎక్కడా దొర్లవు. స్వర్గం ప్రస్తావన కూడా రాదు. ఆ వివరణను ఏ కుటుంబం విశ్వాసానికి తగ్గట్టు ఆ కుటుంబానికే వదిలిపెట్టారు. ఆ పక్షి వేషం లోపల కారల్ స్పిన్నీ కుడిచెయ్యి తలపైకెత్తి ముక్కును ఆడిస్తూ, ఛాతీకి కట్టుకున్న చిన్న తెరలో తన కదలికను చూసుకుంటూ నటించారు. బొమ్మ కంట నీరు రాదు కాబట్టి చుట్టూ ఉన్న మనుషుల కళ్లు ఆ పని చేశాయి. విల్ లీతో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు కనుక ఆ కన్నీళ్లు నటన కావు.

సెసమీ స్ట్రీట్‌ను తయారు చేసే సంస్థే తరువాత మరో పని చేసింది. నా దృష్టిలో అది ఇంతకంటే ముఖ్యమైనది. తల్లిదండ్రుల విడాకుల గురించి 1992లో ఒక భాగం తయారు చేసి, ప్రసారానికి ముందు చిన్నపిల్లలకు చూపించారు. అందులోని నాన్న ఇప్పటికీ బిడ్డను ప్రేమిస్తున్నాడన్న సంగతి ఆ పిల్లలకు అందలేదు. అమ్మానాన్నలు పోట్లాడుకుంటే విడిపోతారేమోనన్న భయం మాత్రం మిగిలింది. అప్పటికే డబ్బు ఖర్చయింది, చిత్రీకరణ పూర్తయింది, అయినా ఆ భాగాన్ని పక్కన పెట్టేశారు. హూపర్ భాగం అంత నిండుగా రావడానికీ, విడాకుల భాగం ఆగిపోవడానికీ మూలం ఒక్కటే: చూసే పిల్ల ఏం అర్థం చేసుకుందో అడిగి తెలుసుకునే పరిశోధకులు మొదటి నుంచీ ఆ సంస్థలో రచయితల పక్కనే కూర్చుని పనిచేయడం. మన దగ్గర పిల్లల కార్యక్రమాలు ఎంతమంది చూశారన్న లెక్క అడిగేవారున్నారు గానీ, చూసిన పిల్లకు ఏం అందిందని అడిగేవారు అరుదు.

మన ఇళ్లలో మరణం పిల్లలకు కనబడకుండా ఏమీ ఉండదు. శవాన్ని వాకిట్లో పెడతారు, ఏడుపులు వినిపిస్తాయి, పదకొండో రోజు, పన్నెండో రోజు భోజనాలు జరుగుతాయి. పిల్ల అన్నీ చూస్తుంది, దాన్ని కూర్చోబెట్టి చెప్పేవారే ఉండరు. తాతయ్య ఊరెళ్లాడని చెబితే గుమ్మం దగ్గర ఎదురు చూస్తుంది. నిద్రపోయాడని చెబితే రాత్రి పడుకోవడానికి భయపడుతుంది. దేవుడు తీసుకెళ్లాడంటే దేవుడి మీదే కోపం పెంచుకుంటుంది. 2021లో కరోనా రెండో విడతలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లల కోసం కేంద్రం పీఎం కేర్స్ ద్వారా పథకం ప్రకటించి, చదువుకూ భవిష్యత్తుకూ డబ్బు ఏర్పాటు చేసింది. అది చేయవలసిన పనే. అయితే ఆ పిల్లల్లో చిన్నవాళ్లు అమ్మ ఎప్పుడొస్తుందని అడిగినప్పుడు, జవాబు చెప్పవలసిన అమ్మమ్మకో బాబాయికో మాట సాయం కావాలి.

పండుగ పూట, పిల్లల కార్యక్రమంలో చావు మాటేమిటని అభ్యంతరం రావచ్చు. హూపర్ భాగాన్ని అమెరికాలో ప్రసారం చేసినది థాంక్స్‌గివింగ్ పండుగ రోజున. పెద్దలు సెలవుమీద ఇంట్లో ఉంటారు, పిల్లలు అడిగితే జవాబు చెబుతారు అని ఆలోచించే ఆ రోజును ఎంచుకున్నారు. మనకూ అది కొత్త కాదు. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెడతాం. తెలంగాణలో పెత్తర అమావాస్యనాడు పెద్దలకు బియ్యం ఇచ్చి, ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ ఆడతాం. ఫొటో ముందు పెట్టిన కొత్త పంచె ఎవరిదని పిల్ల అడిగే రోజది, ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి అంతకంటే మంచి సందర్భం ఉండదు.

దూరదర్శన్‌కు ఈ పని చేతకానిదని నేను అనుకోను. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు నాసా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు పంపిన సైట్ (ఉపగ్రహ బోధనా టెలివిజన్) ప్రయోగంలో మన పల్లెలు కూడా ఉన్నాయి. వాటి కోసం తెలుగులో కార్యక్రమాలు తయారయ్యాయి, ఉదయం పూట ప్రసారాలు బడిపిల్లల కోసమే ఉండేవి. 2006లో సెసమీ స్ట్రీట్‌కు భారతీయ రూపంగా వచ్చిన గల్లీ గల్లీ సిమ్ సిమ్‌ను దూరదర్శన్ కూడా ప్రసారం చేసింది. బడి దుస్తుల్లో రెండు జడలతో కనిపించే చమ్కీ ఎందరో పిల్లలకు నేస్తమైంది. కానీ అది పుట్టింది హిందీలో. దుఃఖం గురించి పిల్లతో మాట్లాడే మాట డబ్బింగులో అతకదు; అమ్మమ్మ, నాయనమ్మ, పెద్దనాన్న అనే పిలుపులతో, మన వీధి కిరాణా కొట్టు ముందు, ఇక్కడి పిల్లలు మాట్లాడే తెలుగులో అది మొదలు కావాలి. ఇంటి భాషలోనే తొలి చదువు సాగాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పినదీ ఇదే.

బొమ్మలాట మనకు అరువు విద్య కాదు. నిమ్మలకుంట ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చి ప్రభుత్వం తోలుబొమ్మలాటను గౌరవించింది. ఆ ఊరి కళాకారులు చాలామంది ఆట ఆడించే అవకాశాలు తగ్గి తోలు దీపపు గూళ్లు చేసి బతుకుతున్నారు. తెర వెనక నీడబొమ్మను ఆడించడం, కెమెరా ముందు చేతిబొమ్మను ఆడించడం వేర్వేరు నేర్పులే. ఒకటి వచ్చినవారికి రెండోది శిక్షణతో అబ్బుతుంది. గొంతు మార్చడం, ఒక్క మణికట్టు తిప్పుతో కోపమో బెంగో చూపించడం వారి వంశాల్లోనే ఉన్నాయి.

పిల్లల ప్రయోజనాలకు ప్రత్యేక చర్యలు తీసుకోవాలని, దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి చట్టంలోని 12వ సెక్షన్ ఆ సంస్థకు విధిగా చెప్పింది. ఆ విధి ప్రకారం కార్యక్రమానికి అనుమతి ఇచ్చే ఉత్తర్వులోనే, పిల్లల మనస్తత్వం చదివినవారితో ఒక శాశ్వత పరిశోధన విభాగాన్ని కూడా మంజూరు చేయాలని మనవి. ప్రతి కష్టమైన భాగాన్నీ ముందుగా రెండు రాష్ట్రాల అంగన్‌వాడీల్లో కొందరు పిల్లలకు చూపించి, వారు భయపడితే ఎంత ఖర్చయినా ఆపివేసే అధికారం ఆ విభాగానికే ఉండాలి. నిర్మాణ వ్యయం మిగుల్చుకోవడానికి ఆ విభాగాన్ని తొలగించే పరిస్థితే వస్తే, రోజూ అరగంటకు బదులు వారానికి ఒక్క అరగంటే చేయండి, విభాగాన్ని మాత్రం ఉంచండి.

భవదీయురాలు,
ఒక పూర్వ ప్రాథమిక ఉపాధ్యాయురాలు