ఎఫ్ఎంలో వార్తలపై ఆంక్ష ఎందుకు?

ప్రైవేటు ఎఫ్ఎంలు, స్థానికుల కోసం లాభాపేక్ష లేకుండా నడిచే కమ్యూనిటీ రేడియోలు సొంతంగా వార్తలు చెప్పకూడదన్న నిబంధనను ఎత్తేయాలి. పత్రికలకు, టీవీలకు లేని ఆంక్ష రేడియోకే ఎందుకు? ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. నేను రోజూ బస్సులో ఎఫ్ఎం వింటాను. పాటలు, ప్రకటనలే తప్ప కూలీల బకాయిల గురించో, కులవివక్ష గురించో ఒక్క ముక్క వినపడదు. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో 2008లో దళిత మహిళలు ‘సంఘం రేడియో’ అనే కమ్యూనిటీ రేడియో పెట్టి, తమ బతుకుల గురించి తామే మైకులో మాట్లాడారు. అలాంటివాళ్లకు తమ ఊళ్లో జరిగింది వార్తగా చదివే హక్కు లేదంటే బాధేస్తుంది. గంటకు 10 నిమిషాలు వార్తలు, వర్తమాన వ్యవహారాలకు ప్రైవేటు ఎఫ్ఎంలను అనుమతించాలని టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో సిఫార్సు చేసింది. కేంద్రం దాన్ని అమలుచేసి, కమ్యూనిటీ రేడియోలకూ వర్తింపజేయాలి.