మీ డీవీఆర్‌లో టైమ్ తప్పింది, ఆ బాధ్యత మాదే

కస్టమర్లందరికీ నమస్కారం.

మేం సీసీటీవీ కెమెరాలు బిగించిన ఒక కిరాణా కొట్లో పోయిన నెల గొడవ జరిగింది. ఒక పెద్దాయన సరుకులు తీసుకుని ఇంటికెళ్లి చిల్లర లెక్క చూసుకుని, రాత్రి తొమ్మిదికి తిరిగొచ్చారు. తాను 500 నోటు ఇచ్చానన్నారు. బిల్లు మీద 7:42 ఉంది. కౌంటర్ మీది కెమెరాలో చేతులే పడతాయి, ముఖాలు పడవు. 7:42 దగ్గర చూస్తే ఓ చెయ్యి పసుపు రంగు 200 నోటు ఇస్తోంది. పెద్దాయన ఇంకో మాట మాట్లాడకుండా వెళ్లిపోయారు.

మర్నాడు నేను వెళ్లి చూశాను. కెమెరాల రికార్డింగ్ దాచే పెట్టె, అదే డీవీఆర్, 11 నిమిషాలు వెనక నడుస్తోంది. 7:31 దగ్గర ఆయన ఇచ్చింది 500 నోటే. కొట్టు ఓనర్ ఆయన ఇంటికి వెళ్లి డబ్బులిచ్చి, క్షమించమని అడిగి వచ్చారు. అడగాల్సింది నేను. ఏడాది కిందట ఫోన్ చూసి చేత్తో టైమ్ పెట్టి వచ్చేసింది మేమే.

డీవీఆర్ లోపల ఉండేది చేతి గడియారంలో లాంటి క్వార్ట్జ్ క్రిస్టలే. రోజుకు సెకనున్నర, రెండు సెకన్లు తప్పడం దానికి మామూలు. ఏడాదికి అదే పది నిమిషాలవుతుంది. దీనికి మందు 1985 నుంచీ ఉంది, అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ మిల్స్ తయారుచేసిన ఎన్‌టీపీ (నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్). డీవీఆర్ నెట్ ద్వారా సరైన టైమ్ చెప్పే కంప్యూటర్‌ని, అంటే సర్వర్‌ని, టైమ్ అడుగుతుంది, జవాబు రావడానికి పట్టిన ఆలస్యాన్ని కూడా లెక్కగట్టి తన గడియారాన్ని సరిచేసుకుంటుంది. మన దేశానికి ప్రామాణిక సమయం అణు గడియారాలతో లెక్కించే ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లేబొరేటరీకి ఇలాంటి సర్వర్ ఉంది. ఇకపై మేం అదే పెడతాం.

టైమ్ జోన్ కూడా చూడాలి. కొన్ని డీవీఆర్‌లు చైనా టైమ్‌తోనే వస్తాయి. అలా వదిలేస్తే ఎన్‌టీపీ పెట్టినా రెండున్నర గంటలు ముందుంటుంది.

పాత కస్టమర్లందరి దగ్గరికీ మా వాళ్లు వచ్చి ఉచితంగా సరిచేస్తారు. నెట్ లేని కొట్లకు నెలకోసారి వచ్చి చేత్తోనే సరిచేస్తాం. కరెంటు పోయి వచ్చాక తేదీ 2000 సంవత్సరానికి వెళ్లిపోతుంటే లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు, అదీ మారుస్తాం.

ఈలోపు దొంగతనమో గొడవో జరిగితే టెన్షన్‌లో ముందు టైమ్ సరిచేయకండి. గడియారాన్ని వెనక్కి తిప్పితే కొన్ని మోడళ్లలో పాత రికార్డింగ్ మీదే కొత్తది పడుతుంది. స్క్రీన్ మీది టైమ్, మీ ఫోన్‌లో టైమ్ రెండూ కనిపించేలా ఇంకో ఫోన్‌తో ఫోటో తీసి ఉంచండి. తేడా ఎంతో తెలిస్తే ఫుటేజీ ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

అలాంటి ఫోటోనే ఈ రాత్రి కొట్టు కట్టేముందు ఒకటి తీసి మాకు వాట్సాప్ చేయండి. తేడా ఎక్కువున్న వాళ్ల దగ్గరికి ముందు వస్తాం.