మేనకోడలు బీఎస్సీ అంటోందంటే సంతోషమే, కానీ ముందు ఇది చదువు

ఏలూరు,
జూన్ 2024

ఒరేయ్ బావా,

నీ మెసేజ్ చూశాను. ఇంజినీరింగ్ సీటు వచ్చేలా ఉన్నా పిల్ల బీఎస్సీ కెమిస్ట్రీయే చదువుతానంటోందని, ఇంట్లో అదే గొడవ నడుస్తోందని రాశావు. ఫోన్‌లో చెబితే సగం నీ చెవికెక్కదు, పైగా చెల్లెమ్మ కూడా చదవాలి, అందుకే ఇంత పొడుగు ఉత్తరం. నా మేనకోడలు ఇష్టపడి అడుగుతోంది, అడ్డుపడకు. అలాగని డిగ్రీయే కదా ఎక్కడైనా ఒకటేనని కళ్లు మూసుకుని చేర్చెయ్యకు కూడా. ఖమ్మంలో మీ దగ్గర చేరితే చదివేది ఒకటి, ఇటు మా దగ్గరికొచ్చి చేరితే చదివేది ఇంకొకటి.

మన రోజుల్లో సంగతి నీకు గుర్తుండే ఉంటుంది, మూడు సబ్జెక్టులు సమానంగా, ఏడాదంతా కాలేజీకి వెళ్లడం, మార్చిలో ఒకేసారి పరీక్షలు. తెలంగాణలో మూడు సబ్జెక్టులు ఇప్పటికీ అలాగే ఉన్నాయి, పరీక్షలు మాత్రం సెమిస్టర్‌కి మారాయి. 2016 నుంచి డిగ్రీ అడ్మిషన్లు దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో జరుగుతున్నాయి. ఈ 2024 నాటి లెక్కలో మొత్తం ఆరు సెమిస్టర్లు, 150 క్రెడిట్లు, అంటే సెమిస్టర్‌కి పాతిక. మొదటి సెమిస్టర్ తీసుకో, మూడు సైన్సు సబ్జెక్టులకీ ఒక్కోదానికి 5 క్రెడిట్లు, ఇంగ్లిష్‌కి 4, రెండో భాషకి 4, పర్యావరణం పేపర్‌కి 2. వారానికి ఒక గంట పాఠం చొప్పున సెమిస్టర్ అంతా వింటే ఒక క్రెడిట్, ప్రాక్టికల్ అయితే రెండు గంటలు చేస్తే ఒకటి. ఈ లెక్క గుర్తుపెట్టుకో, మళ్లీ దీని దగ్గరికొస్తాను.

ఆంధ్రాలో 2023లో సింగిల్ మేజర్ పెట్టారు. ఆ పద్ధతిలో కెమిస్ట్రీ మేజర్ తీసుకుంటే మూడేళ్లూ కెమిస్ట్రీయే ముఖ్యం, రెండో సెమిస్టర్ నుంచి పక్కన ఒక మైనర్, అంటే తోడుగా ఇంకో సబ్జెక్టు, ఉంటుంది. మొదటి సెమిస్టర్‌లో మాత్రం లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపిన రెండు ఉమ్మడి పేపర్లు పెట్టారు. కెమిస్ట్రీ కోసం ఆశగా వచ్చిన పిల్లలకి ఆ ఆరు నెలలూ వాళ్ల సబ్జెక్టు విడిగా చేతికందదు, నాకది నచ్చలేదు. మధ్యలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ కూడా ఉంటాయి. మా కాలేజీ పిల్లలు ఊళ్లలో తిరిగి సర్వే చేసి వచ్చాక మాట్లాడే తీరే మారిపోయింది, అది మాత్రం నిజంగా మంచి పని.

నాలుగేళ్ల డిగ్రీ గురించి కూడా అడిగావు. యూజీసీ 2022 చివర్లో ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్లకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కి 160. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవాళ్లు నాలుగో ఏడు రీసెర్చ్‌తో ఆనర్స్ చేయొచ్చు. ఏడాదికే మానేస్తే సర్టిఫికెట్, రెండేళ్లకి డిప్లొమా అంటున్నారు గానీ, ఆడపిల్ల చదువు మధ్యలో ఆపించే బంధువులకి అదొక సాకు అవుతుందని నా భయం. మీ ఇంట్లో ఆ మాట ఎవరైనా ఎత్తితే అక్కడే తుంచెయ్.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. దోస్త్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు నువ్వే పక్కన కూర్చో. ఎంపీసీ, ఎంపీసీఎస్ అని రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండోదాంట్లో కెమిస్ట్రీ ఉండదు, దాని స్థానంలో కంప్యూటర్ సైన్స్ ఉంటుంది. కంప్యూటర్ ఉంటే ఉద్యోగం వస్తుందని నెట్ సెంటర్ వాళ్లు అదే ముందు పెట్టేస్తారు, ఆ తర్వాత పిల్ల ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అంటే డిగ్రీలో కెమిస్ట్రీ ఏదమ్మా అంటారు. టీచర్ ఉద్యోగమూ అంతే, స్కూల్ అసిస్టెంట్ ఫిజికల్ సైన్స్ పోస్టుకి డిగ్రీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ రెండూ చదివారా అని చూస్తారు. అందుకే ఇటు సింగిల్ మేజర్‌లో చేరినా మైనర్‌గా ఫిజిక్సే తీసుకోమంటాను. లెక్కలు కష్టమని వదిలేసినా ఇబ్బందే, ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీటుకి రాసే జామ్ పరీక్ష కెమిస్ట్రీ పేపర్‌లో ఫిజికల్ కెమిస్ట్రీ చేయాలంటే ఇంటిగ్రేషన్, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు బాగా వచ్చి ఉండాలి.

నా ఓటు ఖమ్మంలోనే ఎంపీసీకి. పిల్లకింకా చిన్న వయసు, ఇవాళ కెమిస్ట్రీ అంటోంది, రెండేళ్ల తర్వాత ఫిజిక్స్ మీద మనసు పడొచ్చు, మూడు సబ్జెక్టులుంటే ఎటైనా వెళ్లొచ్చు. రీసెర్చే చేస్తానని గట్టిగా ఉంటే మాత్రం మేజర్ పద్ధతే లోతుగా ఉంటుంది, అప్పుడు ఇటు పంపు, మా ఇంట్లోనే ఉంటుంది. లోకల్, నాన్‌లోకల్ నిబంధన ముందే చూసుకోవాలి.

కాలేజీ ఏదైనా ల్యాబ్ చూడకుండా ఫీజు కట్టకు. ఇందాక క్రెడిట్ల లెక్క చెప్పాను కదా, వారానికి రెండు గంటల ప్రాక్టికల్‌కి వచ్చేది ఒక్కటే క్రెడిట్. మార్కుల్లో చిన్నదిగా కనిపించేసరికి కొన్ని కాలేజీలు దాన్నే ముందు ఎగ్గొడతాయి. బ్యూరెట్ పట్టుకోకుండా, సాల్ట్ అనాలిసిస్ ఒక్కసారి కూడా సొంతంగా చేయకుండా, సీనియర్ల రికార్డు చూసి రాసుకుని డిగ్రీ పూర్తిచేసిన పిల్లలు నాకు ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలో ఎదురయ్యారు. తెలివైన పిల్లలు బావా, టైట్రేషన్‌లో రంగు మారే చుక్క దగ్గర ఆపడం రాక చేతులు వణికాయి, నాకు కడుపు తరుక్కుపోయింది. వాళ్ల దగ్గర మూడేళ్ల ఫీజు తీసుకుని ఇవ్వాల్సింది ఇవ్వలేదు కదా.

అందుకని క్లాసులు జరిగే రోజు మధ్యాహ్నం వెళ్లు. ల్యాబ్ తాళం తీసి ఉందా, నీళ్ల కుళాయి, గ్యాస్ పనిచేస్తున్నాయా, సీసాల మీద లేబుళ్లు కొత్తవేనా చూడు. బ్యాచ్‌కి ఎంతమందో, ఒక్కొక్కరూ విడిగా చేస్తారా, అయిదుగురు నిలబడితే ఒకరు చేస్తారా అని అక్కడి సెకండియర్ పిల్లల్ని అడుగు, ప్రిన్సిపాల్‌ని కాదు. రెగ్యులర్ లెక్చరర్లు ఎంతమందో కూడా కనుక్కో. ప్రభుత్వ కాలేజీ అనగానే మొహం తిప్పుకోకు, చాలాచోట్ల ల్యాబూ లెక్చరర్లూ ప్రైవేటు కంటే అక్కడే మెరుగు.

ఇంటర్ మెమో ఫొటో, తను అనుకుంటున్న కాలేజీల పేర్లు నాకు పంపమను. ఆప్షన్ల వరుస ఇద్దరం కలిసి రాస్తాం. నువ్వు ఈలోపు ఆధార్, కుల, ఆదాయ సర్టిఫికెట్లు సిద్ధం చేసుకో, చివరి రోజు మీసేవ చుట్టూ పరుగులొద్దు.

చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ బావ