మా బంగారిని నిలబెట్టిన వారందరికీ కృతజ్ఞతలు

పండుగ తిండి తిని ప్రాణం మీదికి తెచ్చుకున్న మా పిల్లి బంగారి కోలుకుంది. నిన్న డాక్టరమ్మ మరోసారి రక్తం పరీక్షించి, ఇక భయం లేదన్నారు. పండుగ రోజుల్లో సొంత ఇళ్లలో చుట్టాలను వదిలి మాకోసం పరుగెత్తిన వాళ్లు, అర్ధరాత్రి ఫోను ఎత్తిన వాళ్లు, ముక్కూ మొహం తెలియకపోయినా తమ పిల్లిని తీసుకుని వచ్చిన వాళ్లు ఇందరుంటే, మనసులోనే దణ్ణం పెట్టుకుని ఊరుకోవడం నాకు చేతకాలేదు. అందుకే అందరికీ కనబడేలా రాస్తున్నాను. కలిసిన ప్రతివారూ "ఉప్పు వల్లే ఇంత జరిగిందా? మా పిల్లి కూడా చిప్స్ తింటుంది, ఏమీ కాదు కదా?" అని అడుగుతున్నారు. వాళ్లకు జవాబు కూడా ఇందులోనే ఉంది.

కాకినాడలో మా ఇంటికి భోగి నాడు ఆడపడుచు కుటుంబం వచ్చింది. సాయంత్రం వేడివేడిగా ఉల్లి పకోడీ వేశాం. డబ్బాల్లో జంతికలు, చేగోడీలు, వేయించిన వెల్లుల్లి రెబ్బలు దండిగా పడిన మిక్చర్ ఉన్నాయి. మా ఏడేళ్ల మేనకోడలికి బంగారి అంటే ప్రాణం. దానికీ పండుగ చేయాలని, పకోడీలు చిదిపి, మిక్చర్ కొంచెం నలిపి, పెరుగన్నంలో కలిపి గిన్నెలో పెట్టింది. పెరుగు వాసనకు, నూనె వాసనకు బంగారి గిన్నె ఖాళీ చేసింది. రాత్రి రెండుసార్లు వాంతి చేసుకుని, నీళ్ల గిన్నె దగ్గరే కూర్చుండిపోయింది.

నా మొదటి కృతజ్ఞత ఆ పాపకే. పెద్దవాళ్లు గాబరాగా చుట్టూ నిలబడి అడుగుతుంటే ఏడేళ్ల పిల్ల నోరు విప్పడమే కష్టం. అది ఏడుస్తూనే ఎన్ని పకోడీలు వేసిందో, మిక్చర్ ఎన్ని గుప్పిళ్లు పోసిందో, అందులో వెల్లుల్లి రెబ్బలు ఉన్నాయో లేదో, ఒక్కటీ దాచకుండా చెప్పింది. ఆ తర్వాత వైద్యమంతా ఆ మాటల మీదే నడిచింది. జంతువు ఏమి తిన్నదో, ఎంత తిన్నదో, ఎప్పుడు తిన్నదో చెప్పగలిగే మనిషి ఉంటే సగం రోగం తెలిసినట్టేనని డాక్టరమ్మ అన్నారు. పిల్లలు భయపడి దాచుకునేలా మనం గద్దించకూడదని ఈ సందర్భంలో గట్టిగా అనిపించింది. అమ్మలూ, నువ్వు నిజం చెప్పావు కాబట్టే బంగారి ఈరోజు నీ ఫోటో పక్కన పడుకుని ఉంది.

రెండో కృతజ్ఞత పై అంతస్తు మాస్టారికి. చాలా ఏళ్లు రసాయన శాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన. ఆ రాత్రి వచ్చిన చుట్టాల్లో ఒకరు ఉప్పు నీళ్లు తాగించి మొత్తం కక్కించేద్దామన్నారు. గ్లాసులో ఉప్పు కలిపేశారు కూడా. మాస్టారు సరిగ్గా అప్పుడే కిందికి వచ్చి, గ్లాసు తీసి సింకులో పారబోశారు. "అది మిక్చర్‌తో తిన్న ఉప్పు ఎంత, మీరిప్పుడు పోయబోయేది ఎంత?" అని అడిగి, కాగితం మీద లెక్క వేసి చూపించారు. ఆ లెక్క మళ్లీ ఇక్కడ రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుంది.

మిక్చర్, చిప్స్ ప్యాకెట్ల వెనక చూస్తే 100 గ్రాములకు సాధారణంగా 500 నుంచి 800 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ఉప్పుగా లెక్కిస్తే సుమారు గ్రాము పావు నుంచి 2 గ్రాములు. నాలుగు కిలోల పిల్లికి రోజుకు కావలసిన సోడియం 42 మిల్లీగ్రాములని పోషకాహార నిపుణుల అంచనా. అంటే నాలుగైదు చెంచాల మిక్చర్‌తోనే రోజుకు సరిపడేది దాటిపోతుంది. అది మంచిది కాదు, నిజమే. కానీ ఉప్పు విషంగా మారి వణుకు, తూలుడు, ఫిట్స్ రావాలంటే శరీర బరువులో కిలోకు 2, 3 గ్రాముల ఉప్పు లోపలికి వెళ్లాలి. మా బంగారి బరువు మూడున్నర కిలోలు. అంటే కనీసం 7 గ్రాములు. అంత ఉప్పు మిక్చర్‌లోంచి రావాలంటే అర కిలో దాకా తినాలి, ఏ పిల్లీ తినలేదు. అదే ఒక చెంచా ఉప్పు తూచి చూడండి, 6 గ్రాముల దాకా తూగుతుంది. గ్లాసులో కలిపిన రెండు చెంచాల ఉప్పు దాని ప్రాణం మీదికి తెచ్చి ఉండేది. కక్కించడానికి ఉప్పు నీళ్లు పట్టడమన్నది పాతకాలం నుంచి ఇళ్లలో ఉన్న పద్ధతే. పిల్లికైనా కుక్కకైనా దాన్ని ఇక పూర్తిగా మానేయాలి. ఈ ఒక్క వాక్యం ఎవరికైనా గుర్తుండిపోతే మాస్టారి రుణం కొంత తీరుతుంది.

ఇక డాక్టరమ్మ. పండుగ రాత్రి రెండో రింగుకే ఫోను ఎత్తారు. నేను ఉప్పు గురించి అడుగుతుంటే ఆవిడ "పకోడీలో ఉల్లి ఎంత పడింది? మిక్చర్‌లో వెల్లుల్లి ఉందా?" అని అడిగారు. ఆ ప్రశ్నలో ఎంత ఉందో నాకు రెండు రోజుల తర్వాత పూర్తిగా అర్థమైంది.

ఉల్లి, వెల్లుల్లిలోని గంధక పదార్థాలు మనకు రుచి. పిల్లి ఒంట్లోకి వెళ్తే అవే ఎర్ర రక్తకణాలను లోపలి నుంచి దెబ్బతీస్తాయి. పిల్లి హీమోగ్లోబిన్ నిర్మాణం వేరు. ఇలాంటి పదార్థాలు దాడి చేయగల చోట్లు మనిషి హీమోగ్లోబిన్‌లో రెండుంటే పిల్లిలో ఎనిమిది ఉంటాయి. దెబ్బతిన్న హీమోగ్లోబిన్ ముద్దకట్టి కణం అంచున చిన్న బుడిపెలా పేరుకుంటుంది. హైంజ్ బాడీ అంటారు దాన్ని. అలాంటి కణాలు పగిలిపోతాయి, లేదా శరీరమే వాటిని ఏరివేస్తుంది. కిలో బరువుకు 5 గ్రాముల ఉల్లి చాలు, పిల్లి రక్తంలో ఈ మార్పు మొదలవడానికి. మా బంగారి లెక్కన పదిహేడు, పద్దెనిమిది గ్రాములు. ఒక మోస్తరు ఉల్లిపాయలో ఐదో వంతు. వెల్లుల్లి అయితే ఇంకా తక్కువే చాలు, దాని తీవ్రత ఉల్లికి కొన్ని రెట్లు. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టి పొడి చేసినా ఆ గుణం పోదు. పొడిలో నీరు ఉండదు కాబట్టి అది మరీ గాఢం. 1998లో అమెరికా పరిశోధకులు ఉల్లి పొడి కలిసిన పసిపిల్లల మాంసాహారం పెట్టిన పిల్లుల్లో ఇదే మార్పును చూపించారు. పసిపిల్లల కోసం చేసిన తిండే అలా చేస్తే, మసాలా చిప్స్ మీద చల్లే పొడి సంగతి చెప్పేదేముంది! ప్యాకెట్ వెనక పదార్థాల వరుసలో ఉల్లి పొడి, వెల్లుల్లి పొడి చాలాసార్లు కనిపిస్తాయి. ఉప్పు దగ్గరే చూపు ఆపేసేవాళ్లు దయచేసి ఇంకో రెండు వరుసలు చదవండి.

ఈ విషం వెంటనే బయటపడదని కూడా ఆవిడ ఆ రాత్రే చెప్పారు. వాంతి ఆగింది, మర్నాడు బంగారి కాస్త తిన్నది, మేమంతా హమ్మయ్య అనుకున్నాం. ఆవిడ మాత్రం రోజూ పొద్దునా సాయంత్రం పెదవి ఎత్తి చిగుళ్లు చూడమన్నారు, మూత్రం రంగు గమనించమన్నారు. కనుమ నాటి ఉదయానికి గులాబీ రంగు చిగుళ్లు సున్నం వేసినట్టు పాలిపోయాయి. మూత్రం కాఫీ రంగులోకి మారింది. పడుకుని ఉన్నప్పుడు కూడా ఊపిరి వేగంగా తీస్తోంది. ఆ మాట ముందే చెప్పకపోయి ఉంటే, అలసిపోయి పడుకుందనుకుని సాయంత్రం దాకా చూసేవాళ్లం.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ఆ రోజు ఆటో దొరకడమే గగనం. మా వీధి చివర ఆటో నడిపే బాబాయ్ పండుగ భోజనం ముందు నుంచి లేచి వచ్చారు. దారి పొడవునా గుంతల దగ్గర నెమ్మదిగా పోనిచ్చారు, బంగారికి ఆయాసం ఎక్కువవుతుందని. డబ్బు ఇవ్వబోతే "పశువుల పండుగ నాడు ప్రాణమున్న దాన్ని తీసుకెళ్లి డబ్బు పుచ్చుకుంటానా అమ్మా" అన్నారు. మా ఇంట్లో ఎవరమూ ఆ మాట మరచిపోలేదు, మరచిపోము.

ఆస్పత్రిలో రక్తం తీసి ప్రత్యేకమైన రంగు వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తే, డాక్టరమ్మ ఊహించినవే కనిపించాయి. రక్తంలో ఎర్రకణాల వంతు ఆరోగ్యమైన పిల్లిలో 30 శాతానికి పైగా ఉండాలి. బంగారికి 19కి పడిపోయింది. ఉల్లికి విరుగుడు మందు లేదు. సెలైన్ పెట్టి, పగిలిన కణాల వ్యర్థం మూత్రపిండాలను పాడుచేయకుండా కాపాడుతూ, వాంతికి మందు ఇస్తూ, ఆక్సిజన్ అందిస్తూ, శరీరం కొత్త కణాలు తయారు చేసుకునే దాకా నిలబెట్టడమే వైద్యం. ఇంకా పడిపోతే రక్తం ఎక్కించాలి, దాతను చూసి పెట్టుకోండి అన్నారు.

పిల్లికి రక్తదాత! ఎక్కడ వెతకాలి? మావారు తెలిసిన వాళ్లందరికీ సందేశాలు పెట్టారు. సాయంత్రానికి పాలిటెక్నిక్ చదివే ఒక అబ్బాయి, మాకు ఏ రకంగానూ పరిచయం లేనివాడు, తన పిల్లిని బుట్టలో పెట్టుకుని వచ్చాడు. ఐదు కిలోల బలమైన గండుపిల్లి. టీకాలన్నీ వేసిన కాగితాలు కూడా వెంట తెచ్చాడు. పిల్లుల్లోనూ ఏ, బీ, ఏబీ అని రక్తపు గ్రూపులున్నాయి. గ్రూపు కలవని రక్తం మొదటిసారి ఎక్కించినా ప్రాణం మీదికి రావచ్చు, అందుకే ముందే రెండు రక్తాలనూ కలిపి సరిచూస్తారు. ఆ పరీక్ష అయ్యేదాకా, ఫలితం సరిపోయాక కూడా, ఆ రాత్రంతా అబ్బాయి ఆస్పత్రి వరండాలోనే కూర్చున్నాడు. తెల్లవారేసరికి బంగారి ఎర్రకణాల శాతం ఇంకా పడకుండా నిలిచింది, మర్నాటికి మెల్లగా పెరగడం మొదలైంది. రక్తం ఎక్కించే అవసరమే రాలేదు. అంతమాత్రాన ఆ అబ్బాయి చేసింది తక్కువవుతుందా? నా దృష్టిలో ఇచ్చినట్టే. నాయనా, నువ్వు పరీక్షలకు చదువుకోవలసిన రాత్రి అది అని తర్వాత తెలిసింది. నీకూ, నీ గండుపిల్లికీ మా ఇంటి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ సహాయకురాలికి కూడా నమస్కారం. ఏమీ ముట్టని బంగారికి ఉప్పు లేకుండా ఉడికించిన చేప నీళ్లు వేలితో పెదవికి రాసి రాసి, మొదటిసారి నాకించింది ఆవిడే.

ఇప్పుడు మీరడిగిన ప్రశ్నలకు వస్తాను. నేల మీద పడిన ఒక ఉప్పు చిప్స్ ముక్క ఆరోగ్యంగా ఉన్న పిల్లి తింటే, పక్కన నీళ్లుంటే, కంగారు పడనక్కర్లేదు. పిల్లి మూత్రపిండాలు ఎడారి పూర్వీకుల నుంచి వచ్చినవి, ఉప్పును బాగానే వడపోస్తాయి. మూత్రంలో రాళ్లు వచ్చే పిల్లులకు ఎక్కువ నీళ్లు తాగించడానికి కొన్ని వైద్య ఆహారాల్లో కావాలనే ఉప్పు పెంచుతారని విని నేను ఆశ్చర్యపోయాను. కానీ వయసు మళ్లిన పిల్లి, మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు, రక్తపోటు ఉన్న పిల్లి సంగతి వేరు. వాటికి చిటికెడు అదనపు ఉప్పు కూడా వద్దు. ఉల్లి, వెల్లుల్లి ఉన్న తిండి మాత్రం ఏ వయసు పిల్లికైనా, ఎంత ఆరోగ్యంగా ఉన్నా, వద్దే వద్దు. తిన్నదని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా అప్పుడే పశువైద్యులకు ఫోను చేయండి. మిక్చర్‌లో వేసే కిస్మిస్‌లు కుక్కల మూత్రపిండాలను పాడుచేస్తాయి, పిల్లికి కూడా పెట్టకపోవడమే క్షేమం.

మన తీరంలో అందరూ అడిగేది ఎండు చేపల గురించి. ఉప్పు బాగా పట్టించి ఎండబెట్టిన చేపలో మిక్చర్‌ కంటే ఎన్నో రెట్లు ఉప్పు ఉంటుంది. రేవులో తిరిగే పిల్లులు తింటున్నాయి కదా అంటారు. అవి ఎక్కువగా తినేది పచ్చి చేపల తలలు, తోకలు. పెట్టాలని మనసైతే పచ్చి చేప తెచ్చి, ఉప్పూ కారం లేకుండా ఉడికించి, ముళ్లు తీసి పెట్టండి. మేనకోడలు ఈమధ్య ఫోనులో అదే చెప్పింది, వేసవి సెలవులకు వచ్చినప్పుడు చేప తనే వలిచి పెడుతుందట.

చివరిగా ఒక మాట. రక్తదాత కోసం మేము ఆ సాయంత్రం పడిన వెతుకులాట ఇంకొకరికి రాకూడదని, ఆ అబ్బాయీ మావారూ కలిసి కాకినాడలో పిల్లులున్న ఇళ్ల జాబితా ఒకటి తయారుచేస్తున్నారు. ఏడాది నుంచి ఎనిమిదేళ్ల లోపు వయసు, నాలుగున్నర కిలోలకు పైగా బరువు, టీకాలు పూర్తయి, ఇంట్లోనే ఉండే పిల్లి మీ దగ్గర ఉంటే మావారికి చెప్పండి. గ్రూపు పరీక్ష ఖర్చు మేము పెట్టుకుంటాం. జాబితా ఆస్పత్రిలో డాక్టరమ్మ దగ్గర ఉంటుంది.