తీన్మార్ మనదే, వాయించేవాళ్లు మాత్రం పరాయివాళ్లా?

సాంస్కృతిక వ్యవహారాలు చూసే ఉన్నతాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నమస్కారం. ఇది నాలుగో ఉత్తరం. మొదటి మూడూ మీ బల్ల దాకా రాలేదని అనుకోవడమే మర్యాద కనుక అలాగే అనుకుంటున్నాను. వాటి రసీదులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఒకదాని మీద టీ గ్లాసు మరక ఉంది. అది మీ కార్యాలయంలోనే పడింది.

నేను మర్ఫా అనే తోలు వాద్యం వాయించేవాణ్ని కాదు. హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ దగ్గర ఉంటున్న విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుణ్ని. పక్కనే ఏసీ గార్డ్స్‌లో ఉండే ఒక మర్ఫా బృందానికి దరఖాస్తులు రాసిపెడుతుంటాను. ఆ పాపానికి ఈ వ్యవహారంలో పడ్డాను.

కళాకారుల గుర్తింపు కార్డుల సంగతి మీకు నేను చెప్పాలా? నా గోడంతా ఆ దరఖాస్తులోని ఆరో గడి గురించే. ‘కళారూపం పుట్టిన జిల్లా’ అని అడిగారు. బృందం పెద్ద, డెబ్బై దాటిన ఉస్తాద్, ‘హైదరాబాద్ అని రాయండి సార్, ఇంకేం రాస్తారు’ అన్నారు. రాశాను. కౌంటరులోని ఉద్యోగి దాన్ని కొట్టేసి, పైన ఎర్ర సిరాతో ‘విదేశీ’ అని రాశారు. రెండోసారి ఆ గడి ఖాళీగా వదిలేశాం. అసంపూర్ణమని తిప్పి పంపారు. మూడోసారి నాకే ఒళ్లు మండి ‘యెమెన్‌లోని హద్రమౌత్, ఆఫ్రికా తూర్పు తీరం’ అని వివరంగా రాశాను. రాష్ట్రేతర కళలకు పథకం వర్తించదని జవాబు వచ్చింది. నిజం రాసినా తప్పే, రాయకపోయినా తప్పే అయినప్పుడు ఆ గడిలో ఏం రాయాలో మీరే సెలవివ్వండి.

నిజాముల కొలువుకు సైనికులుగా వచ్చిన అరబ్బులు, ఆఫ్రికా సంతతి సిద్దీలు తెచ్చిన వాద్యం మర్ఫా. అరబ్బు సైనికుల బ్యారక్సే ఈ ఊళ్లోని నేటి బార్కస్ బస్తీ. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరే కుదించుకుని ఏసీ గార్డ్స్ అయింది. 1948లో నిజాం రాజ్యంతో పాటు ఆ కొలువూ పోయింది. కత్తులు పోయాయి, వాద్యాలు మిగిలాయి. బరాత్ అయినా, బోనాలైనా, వినాయక నిమజ్జనమైనా కాళ్లు ఆగనివ్వని తీన్మార్ ఉందే, అది ఆ మర్ఫా దరువే. ఊరేగింపుల్లో పెద్దపెద్ద నాయకులే దానికి చిందేస్తుంటారు. అప్పుడు ఎవరూ అది ఏ జిల్లాదని అడగరు.

ఇక నిరుటి వానాకాలంలో మీరు జరిపిన ‘బహుళ సంస్కృతుల నగరం’ వేడుక సంగతి. మా వాళ్లను పిలిచారు. సంతోషించాం. తీరా వెళ్తే వేదిక మీద కాదట, గేటు దగ్గరట. అతిథుల కార్లు వచ్చినప్పుడల్లా వాయించాలట. ఆ రోజు ముసురు. తోలు చెమ్మ పట్టి సడలిపోయింది. మంట మీద నాలుగు నిమిషాలు కాచకపోతే మర్ఫా పలకదు. పాత పేపర్లు పోగుచేసి అగ్గిపుల్ల గీయబోతే భద్రతా సిబ్బంది పరుగున వచ్చి ఆపేశారు. చేసేది లేక ఉస్తాద్ తువ్వాలుతో తోలును తుడుస్తూ, అరచేత్తో రుద్దుతూ వేడి పుట్టించబోయారు. ఎంత రుద్దినా అది ‘డబ్ డబ్’ అంటుందే తప్ప మోగదు. యాభై ఏళ్లుగా వాయిస్తున్న మనిషి ఆ చప్పుడు విని తల దించుకోవడం నేను చూశాను. స్టీలు బిందె మీద చెక్క బద్దలతో తాళం వేసే కుర్రాడే ఆ పూట పరువు నిలబెట్టాడు.

ఉపన్యాసాలు మొదలవగానే చప్పుడు చేయవద్దని కబురొచ్చింది. స్కూటర్ల మధ్య కూర్చుని పొట్లాల్లోని పులిహోర తింటుంటే, మైకులో మీ గొంతే వినిపించింది: ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కళలను ఈ నగరం గుండెకు హత్తుకుందట! గుండె గేటు దగ్గర ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ రోజుకు ఎనిమిది మందికి కలిపి ఇస్తామన్నది పన్నెండు వేలు. ఇప్పటికీ రాలేదు. బిల్లుకు గుర్తింపు కార్డు నంబరు కావాలట. కార్డుకు ఆరో గడి నిండాలట. గడి సంగతి పైన చెప్పాను. మళ్లీ చెప్పమంటే మళ్లీ చెబుతాను, నాకు అలవాటైంది.

బషీర్‌బాగ్ వైపు వెళ్తే హిందుస్తానీ గాయకుడు ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ పేరున్న రోడ్డు కనిపిస్తుంది. ఆయన పుట్టింది ఇప్పటి పాకిస్తాన్‌లోని కసూర్‌లో. దేశ విభజన తర్వాత కొన్నాళ్లు అక్కడే ఉండి, తిరిగి వచ్చి భారత పౌరుడయ్యారు. 1968లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. ఇక్కడి మట్టిలోనే ఉన్నారు. ఆ రోడ్డుకు పేరు పెట్టినవాళ్ల దగ్గర మీ ఆరో గడి లేకపోవడం మన అదృష్టం. (ధూల్‌పేటలో విగ్రహాలు చేసే కుటుంబాల పూర్వీకులూ ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లే. వాళ్ల దరఖాస్తు కూడా నా చేతికి వస్తుందేమోనని భయంగా ఉంది.)

మేం అడిగేది పెద్దది కాదు. ఆ గడి తీసేయండి. తీసేయలేకపోతే ‘హైదరాబాద్’ అని రాస్తే ఒప్పుకోండి. అదీ కుదరకపోతే ఆ పన్నెండు వేలయినా ఇప్పించండి. ఉస్తాద్ కొడుకు రెండేళ్ల కిందటే మర్ఫా గోడకు తగిలించి ఆటో నడుపుకుంటున్నాడు. మనవడికి ఇంకా చేతులు దురద పెడుతున్నాయి. వాడి కోసమైనా ఏదో ఒకటి చేయండి. ఏం చేయాలో నాకన్నా మీకే బాగా తెలుసు.

వచ్చే బుధవారం నాలుగో దరఖాస్తుతో వస్తున్నాం. పోయినసారి మీ లిఫ్టు పనిచేయలేదు. ఉస్తాద్ ప్రతి మలుపులో కూర్చుంటూ నాలుగు అంతస్తులు ఎక్కారు. ఈసారి లిఫ్టు బాగైందో లేదో మంగళవారంలోగా ఎవరితోనైనా కబురు చేయిస్తే, ఆయన్ను కింద టీ కొట్టు దగ్గరే కూర్చోబెట్టి నేనొక్కణ్నే పైకి వస్తాను.

ఇట్లు,
మాసబ్ ట్యాంక్ నుంచి ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు