బుజ్జమ్మకు, ఆ లైట్ల పెట్టె గురించి

తణుకు,
నవంబరు 23

చిట్టితల్లి బుజ్జమ్మకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, టెన్షన్ పడకు. మీ ఇంటి మీద నువ్వు కట్టిన లైట్లు పాటకు వెలిగే వీడియో పంపావు కదా, అమ్మ నాలుగుసార్లు పెట్టించుకుని చూసింది. కప్పు అంచు మీద రంగు అలా పరుగెత్తుకుంటూ వచ్చి, ముందున్న చెట్టు మీదకెక్కి, పాట ఆగిన చోట టక్కున ఆగింది చూడు, అక్కడ నాకు మాట రాలేదు. పోయినేడు అక్కడ టెక్సాస్‌లో ఫ్రిస్కో స్క్వేర్‌లో పాటకు తగ్గట్టు వెలిగే లైట్లు చూపించి, "నేనూ చేస్తాను నాన్నా" అన్నావు. చేశావు.

వీడియో వెనక పంపిన ఆ లైట్ల వైర్లు, పెట్టె ఫోటోలు చూశాకే నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే నాన్నా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను, తీరిగ్గా చదువు.

వాన పడ్డప్పుడల్లా బయటి ప్లగ్గు ట్రిప్ అవుతోందని, ఇక విసుగొచ్చి కిటికీలోంచి హాల్లో ప్లగ్గుకు వైరు లాగుతానని రాశావు. ఆ పని మాత్రం చెయ్యకు తల్లీ. మీ బయటి ప్లగ్గుల్లో ఉండే ఆ జీఎఫ్‌సీఐ అనే రక్షణ స్విచ్చు, ఫేజులోంచి వెళ్ళిన కరెంటు, న్యూట్రల్లోంచి తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని చూస్తూ ఉంటుంది. తేడా 5 మిల్లీ ఆంపియర్ల దాకా వచ్చిందంటే కరెంటు ఆపేస్తుంది. మన ఇంట్లో నేను పెట్టించినది 30 మిల్లీ ఆంపియర్లకు పడుతుంది. మీది అంతకన్నా చురుకైనది. అది పడిందంటే కరెంటు ఎక్కడో తడిలోకి కారుతోందని అర్థం. హాల్లో ప్లగ్గుకు ఆ స్విచ్చు లేదు కాబట్టి అక్కడికి మారిస్తే లైట్లు ఆరవు, నిజమే. కారడం మాత్రం ఆగదు. ఆ తడిగడ్డి మీద బుడ్డోడు ఉత్తకాళ్ళతో ఆడుతుంటాడు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానో నీకు తెలియాలి. ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు.

నువ్వు పుట్టకముందు సంగతి. చవితి పందిళ్ళకు, తీర్థాలకు లైటింగు కట్టేవాళ్ళం. ఆరు వోల్టుల బుడ్డి బల్బులు నలభై వరసగా కలిపితే సరిగ్గా మెయిన్ కరెంటుకు సరిపోయేవి, అదే సీరియల్ సెట్టు. ఒక ఏడు చవితి మూడో రోజు జల్లు పడుతోంది. ఒక వరస ఆరిపోయింది. నా దగ్గర పనిచేసే కుర్రాడు, పదిహేడేళ్ళుంటాయేమో, ఇనప గొట్టం పట్టుకుని ఎక్కి, "ఆరు వోల్టులదే కదన్నా" అంటూ మాడిన బల్బు ఊడదీశాడు. వరస తెగిన చోట ఉండేది ఆరు వోల్టులు కాదమ్మా, మొత్తం 230 అక్కడే నిలబడుతుంది. చెయ్యి పట్టేసింది. వెదురు కర్రతో నేను వైరు కొట్టేదాకా వాడి నోట మాట లేదు. బతికాడు. రెండు వేళ్ళు మాత్రం మళ్ళీ వంగలేదు.

ఆ రాత్రి ఫ్యూజు క్యారియర్ తీసి చూస్తే ఎవరో లావు రాగి తీగ చుట్టి ఉన్నారు. చాలా ఏళ్ళు ఆ తీగనే తిట్టుకున్నాను. తర్వాత తెలిసింది, సన్న తీగ ఉన్నా వాడికి ఒరిగేది లేదని. మనిషిని చంపడానికి సరిపోయే కరెంటుకు ఫ్యూజు కరగదు. ఫ్యూజు వైరును కాపాడుతుంది, మనిషిని కాపాడే పని జీఎఫ్‌సీఐది. ఒకటి ఉందని రెండోది మానెయ్యడానికి లేదు.

నీ లైట్ల సంగతికి వస్తాను. నీవి 5 వోల్టులవి కాబట్టి వాటిని ముట్టుకుంటే షాక్ కొట్టదు, ఆ మాట నిజం. కానీ లెక్క చూడు. ఒక్కో లైటు పూర్తి తెలుపులో 60 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. 800 లైట్లకు 48 ఆంపియర్లు. గోడ ప్లగ్గు దగ్గర అది కొద్ది ఆంపియర్లే, అందుకే నీకు చిన్న లోడులా కనిపిస్తోంది. నీ పెట్టెలో ఉన్న పవర్ సప్లై, అదే గోడ కరెంటును 5 వోల్టులకు దించేది, 60 ఆంపియర్లు ఇవ్వగలదు. రేపు ఏ మేకో గుచ్చుకుని, లేదా నీళ్ళు దిగి, సన్న వైరులో 30 ఆంపియర్లు పారాయనుకో. 60 ఇవ్వగల సప్లైకి అది మామూలు లోడే, ఆపదు. గోడ దగ్గరి బ్రేకరుకు అసలు తెలియదు. జీఎఫ్‌సీఐకీ తెలియదు, ఎందుకంటే దాని వైపు ఏమీ కారడం లేదు. వైరు మాత్రం ఎర్రగా కాలిపోతుంది, మీ ఇంటి చూరు కింద, చెక్క మీద.

"ప్రోగ్రాంలో వెలుగు 30 శాతానికి కట్టేశాను నాన్నా" అన్నావు. ఉంచు, మంచిదే. రాత్రిపూట అంతకన్నా వెలుగు అక్కర్లేదు కూడా. కానీ అది నువ్వు లైట్లకు చెప్పిన మాట మాత్రమే. ఆ మాట మోసే డేటా వైరు లూజయితే లైట్లు వినవు, ఇష్టం వచ్చినట్టు వెలుగుతాయి. షార్టయిన రాగికి ప్రోగ్రాంతో పనే లేదు. అందుకే వైర్లు, ఫ్యూజులు పూర్తి తెలుపుకు లెక్కేసి వెయ్యి, కంప్యూటర్ లేదనుకుని వెయ్యి.

ప్రతి 50 లైట్లకు సప్లై నుంచి విడిగా ఒక జత వైరు లాగు, 18 గేజి లావుది అయితే చాలు. 50 లైట్లకు 3 ఆంపియర్లు, కాబట్టి ప్రతి జతకూ సప్లై దగ్గరే 5 ఆంపియర్ల ఫ్యూజు. కార్లలో వాడే బ్లేడు ఫ్యూజులు, వాటి బ్లాకులు మీ దగ్గర దొరుకుతాయి. ఒక యాభై ప్లస్సు పక్క యాభై ప్లస్సుతో కలవకూడదు, కలిస్తే ఫ్యూజు పోయినా పక్కదాని మీద నడుస్తూ ఉంటుంది, నీకు తెలియదు. మైనస్సు, డేటా మాత్రం ఒకదాన్నుంచి ఒకదానికి సాగాలి.

దీనితో ఇంకో బాధా తీరుతుంది. చివర లైట్లు తెలుపు పెడితే ఎర్రబారుతున్నాయని రెండు రాత్రులు ప్రోగ్రాం వెతికావట. ప్రోగ్రాం తప్పు కాదు. అంత దూరం సన్న వైరులో పోయేసరికి 5 వోల్టులు మిగలవు. ఎరుపుకు రెండు వోల్టులు చాలు, ఆకుపచ్చకూ నీలానికీ మూడు దాకా కావాలి. అవి ముందు చిక్కిపోతాయి, ఎరుపు మిగులుతుంది.

ఫోటో పెద్దది చేసి చూస్తే ఇంకొకటి కనిపించింది. సప్లై మీద ఎన్ అక్షరం దగ్గర నల్ల వైరు బిగించావు. నా కొట్లో పెరిగావు, నీ చేతికి నలుపంటే న్యూట్రల్. మీ దేశంలో నలుపే ఫేజు, తెలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. ఇప్పుడు లైట్లు వెలుగుతాయి కానీ సప్లై లోపలి ఫ్యూజు న్యూట్రల్లో పడింది, అది పోయినా లోపల ఫేజు బతికే ఉంటుంది. ప్లగ్గు పీకేసి, కాసేపాగి, రెండూ మార్చు. పోగుల వైరు స్క్రూ కింద అలాగే నలిపేశావు, వైరు కొసకు లగ్గు, అంటే చిన్న లోహపు తొడుగు, కొట్టి బిగించు. అన్నీ అయ్యాక అరగంట పూర్తి తెలుపులో నడిపి, ప్లగ్గు తీసి, ఒక్కో స్క్రూ దగ్గర వైరు చేత్తో పట్టుకుని చూడు. ఎక్కడ వేడిగా ఉంటే అక్కడ లూజు.

వానకు పడుతున్నది మాత్రం ఆ గోధుమరంగు రెండు పిన్నుల వైరు వల్లేనని నా అనుమానం. అది ఇంట్లో టేబుల్ లైటుకు వాడేది. తీసి పారెయ్యి. మూడు పిన్నులది, బయట వాడేది తెచ్చుకో, దాని తొడుగు మీద ఎస్‌జేటీడబ్ల్యూ అని ఉంటుంది, చివరి అక్షరమే ఎండకు, వానకు తట్టుకుంటుందనే గుర్తు. జాయింటు గడ్డిలో పడుకోకూడదు, చిన్న మేకు మీదకైనా ఎత్తు. పెట్టెను నేల మీంచి జానెడు పైకి గోడకు బిగించు. వైర్లు కింది వైపు నుంచే లోపలికి వెళ్ళాలి, అదీ తిన్నగా కాదు, ముందు కిందికి వంగి మళ్ళీ పైకెక్కాలి, చుక్క ఆ వంపులోనే రాలిపోతుంది. అడుగున చిన్న కన్నం వదులు, లోపల పట్టిన చెమ్మ దిగిపోతుంది. మూతకు తాళం వెయ్యి, సప్లై స్క్రూలు మూత తీస్తే చేతికందేలా ఉన్నాయి. ఇంత చేసినా ట్రిప్ అయితే అన్నీ పీకి, ఆరబెట్టి, ఒక్కొక్కటే తగిలించు, దొంగ దొరుకుతుంది. నెలకోసారి ఆ ప్లగ్గు మీది టెస్ట్ బటన్ నొక్కు, లైట్లు ఆరాలి.

నిచ్చెన ఎక్కినప్పుడు అల్లుడుగారిని కింద పట్టుకోమను. తడి ఉన్న రోజు ఎక్కవద్దు.

పోయినసారి నీ కంప్యూటర్ తెర మీద ఆ గళ్ళు గళ్ళ పటం చూపించావు, ఏ లైటు ఏ క్షణం వెలగాలో. నాకు వెంటనే మా డ్రమ్ము గుర్తొచ్చింది. కర్ర డ్రమ్ము చుట్టూ రాగి రేకులు కొట్టి, చిన్న మోటారుతో తిప్పేవాళ్ళం. పైన ఆనుకున్న ఇత్తడి పట్టీకి రేకు తగిలితే వెలుగు, తగలకపోతే చీకటి. లైట్ల నెమలి పురి విప్పడానికి పదహారు వరసలు పట్టేవి. నీ పటం ఆ డ్రమ్మునే విప్పి చాపలా పరిచినట్టుంది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఒక లైట్ల దండ, ఒక సప్లై తెస్తానన్నావు, తే. సప్లై పక్కన 115, 230 అని చిన్న ఎర్ర స్విచ్చు ఉంటుంది. దాన్ని 230కి జరపకుండా ఇక్కడ ప్లగ్గులో పెట్టొద్దు, ఢామ్మంటుంది. నేనే చూసి పెడతాను, పెట్టెలోంచి తీయగానే నా చేతికివ్వు. అటక మీది డ్రమ్ము దింపించాను. మోటారుకు నూనె వేస్తే తిరుగుతోంది. బుడ్డోడికి చూపిస్తాను.

వైర్లు మార్చాక మూత తెరిచి ఫోటో పంపు, ప్లగ్గు పీకాకే తియ్యి.

మీ నాన్న