అది మన అంబాసిడర్ ఇంజనే, బుజ్జమ్మా

విజయవాడ

బుజ్జమ్మకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీ ఇంగ్లండు నుంచి ఊరికి వచ్చి పది రోజులైనా అమ్మకి ఇంకా నిద్ర వేళలు కుదరలేదు. తెల్లారుజామున మూడింటికి లేచి వంటింట్లో డబ్బాలు సర్దుతోంది. నేనూ లేస్తున్నాను గానీ, డబ్బాల జోలికి పోకుండా నీ ప్రశ్న పట్టుకుని కూర్చుంటున్నాను. ఎయిర్‌పోర్టులో అడిగావు కదా, నువ్వు కొనాలనుకుంటున్న ఎమ్‌జీ స్పోర్ట్స్ కారు గురించి, "పాతదా, కొత్తదా, ఒక్క ముక్కలో చెప్పు నాన్నా" అని. ఒక్క ముక్కలో తేలేది కాదు. ఫోన్లో చెబుదామంటే పక్కన అల్లుడుగారు వింటుంటారు, నువ్వేమో మధ్యలో ఆపి వాదిస్తావు. అందుకే రాస్తున్నాను.

ఆ రోజు పాత కారు అమ్మే పెద్దాయన షెడ్డు తలుపు తీసి, ఎమ్‌జీ కంపెనీ వాళ్ల రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, 1972 ఎమ్‌జీబీ మీద కప్పిన దుప్పటి లాగగానే నువ్వు దాని రంగు చూశావు, మెరుస్తున్న క్రోమ్ బంపర్ చూశావు. నేను బానెట్ ఎత్తమన్నాను. ఎత్తగానే నాకు నవ్వు ఆగలేదు. ఎందుకు నాన్నా అన్నావు. ఆయన ముందు చెప్పడం బాగోదని ఊరుకున్నాను. అది మన అంబాసిడర్ ఇంజన్ తల్లీ.

అచ్చంగా అదే అని కాదు, అన్నదమ్ముల పిల్లలు అనుకో. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్లు బి-సిరీస్ అని ఒక ఇంజన్ చేసి, దాన్నే రకరకాల బళ్లకు బిగించారు. 1955లో వచ్చిన ఎమ్‌జీఏ అనే స్పోర్ట్స్ కారులో అది 1489 సీసీ. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు అంబాసిడర్‌లో పెట్టిందీ అదే 1489. 1962లో ఎమ్‌జీబీ వచ్చేసరికి బోరు, అంటే సిలిండర్ల వెడల్పు, పెంచి 1798 చేశారు. అంతే తేడా. పెట్రోలూ గాలీ కలిపే కార్బొరేటర్, పొగ గొట్టం రెండూ ఒకే పక్క, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ రెండో పక్క. కళ్లు మూసుకుని చెయ్యి పెట్టినా పానా ఎక్కడ పడాలో నాకు తెలుసు. ఇంగ్లండులో ఒక పల్లెటూళ్లో, భాష సరిగ్గా రాని చోట, నాకు బాగా తెలిసిన మొహం కనపడినట్టయింది.

కానీ నిజం చెప్పనా, ఆ ఇంజన్ మీద నాకెప్పుడూ ముచ్చట లేదు. 1974లో, 14 ఏళ్ల వయసులో ఆటోనగర్లో హెల్పర్‌గా చేరాను. అప్పటి నుంచి ఎన్ని హెడ్లు దించానో, ఎన్ని గాస్కెట్లు మార్చానో లెక్క లేదు. నీ ఇంజనీరింగ్ ఫీజు కట్టింది అదే, కాదనను. కానీ మే నెల మధ్యాహ్నం, నూజివీడు రోడ్డు మీద, పెళ్లివాళ్లను ఎక్కించుకుని పొగలు కక్కుతూ ఆగిపోయిన టాక్సీ కింద పడుకున్నవాడికి దాని మీద ప్రేమ ఎలా పుడుతుంది? పైన పెళ్లికొడుకు మేనమామ తిడుతుంటాడు, కింద నూనె చుక్కలు కంట్లో పడుతుంటాయి. అందుకే ఆ పెద్దాయన తన కారుని మనిషిలా "ఆవిడ" అంటుంటే లోపల కాస్త చిరాకేసింది. మాకు బతుకుతెరువు, మీకు ముచ్చటా అనిపించింది.

ఆ చిరాకు ఎక్కడ పోయిందో చెబుతాను. స్టార్ట్ చేశాక స్లోలో, అంటే బండి నిలబడి ఇంజన్ మెల్లగా తిరిగేటప్పుడు, చిన్న మిస్సింగ్ ఉంది, గుర్తుందా? మన అంబాసిడర్‌కి ఒకటే కార్బొరేటర్. దీనికి ఎస్‌యూ కార్బొరేటర్లు రెండు. రెండూ సమానంగా గాలి పీల్చాలి, లేకపోతే ఇంజన్ కుంటుతుంది. ఫిల్టర్లు విప్పించి, తోటకి నీళ్లు పట్టే పైపు ముక్క ఒకటి అడిగి తీసుకున్నాను. ఒక కొస చెవిలో, రెండో కొస మొదటి కార్బొరేటర్ నోటి దగ్గర. స్స్ అని నిండుగా వినపడింది. రెండోదాని దగ్గర పెడితే అదే శబ్దం సన్నగా, ఎవరో గొంతు పట్టుకున్నట్టు. స్లో స్క్రూ కొంచెం, కొంచెం తిప్పుతూ, చెవి అటూ ఇటూ మారుస్తూ ఉంటే, ఒకచోట రెండు గొంతులూ కలిశాయి. ఇంజన్ వణుకు తగ్గింది. ఆయన ఏమీ అనలేదు, లోపలికెళ్లి టీ తెచ్చిచ్చారు.

తర్వాత ఆ పైపు నువ్వు తీసుకున్నావు. నేను స్క్రూని కావాలని పావు వంతు తప్పు తిప్పాను. నీకు చెప్పలేదు. నువ్వు వెంటనే నా మొహంలోకి చూశావు, "మార్చావు కదూ" అని. నీ ఉద్యోగంలో నువ్వు లాప్‌టాప్ తగిలించి బ్యాటరీలో ఏ సెల్‌కి ఎంత వోల్టేజి ఉందో చూస్తావు. ఆ పని దీనికంటే తక్కువని నేను అనను, నాకు అర్థమే కాదు. కానీ అక్కడ తప్పు ఎక్కడుందో లాప్‌టాప్ చెబుతుంది. ఇక్కడ నీ చెవే చెప్పింది. పాత బండి మీద జనానికి మోజు ఎందుకు తీరదూ అని నన్నడిగితే నేను ఆ పైపు ముక్కే చూపిస్తాను.

ఇక నడిపిన సంగతి. ఆ బండి బరువు 920 కిలోలు అటూఇటూ, బలం 95 హార్స్‌పవర్. సున్నా నుంచి 60 మైళ్లు అందుకోవడానికి 12 సెకన్ల దాకా పడుతుంది. ఈరోజు బెంజ్ సర్కిల్లో తిరిగే చాలా మామూలు కార్లు దాన్ని దాటేసి పోతాయి. కానీ ఆ ఇరుకు రోడ్డు మీద, రెండు పక్కలా కంచె మొక్కలు, తలుపులోంచి చెయ్యి జార్చితే తారు తగిలేంత కింద కూర్చుని, నువ్వు 40 మైళ్ల మీద పోతుంటే నాకు మాత్రం గుండె గొంతులోకొచ్చింది. పవర్ స్టీరింగ్ లేదు కాబట్టి రోడ్డు మీద ప్రతి గతుకూ నీ అరచేతికి తెలుస్తోంది. మొదటి నాలుగు వంపులూ తప్పు గేర్లో తీశావు. ఐదోది సరిగ్గా తీశావు. ఆ సంగతి నీకూ తెలిసింది, నాకూ తెలిసింది. ఇద్దరం మాట్లాడుకోలేదు.

మన అంబాసిడర్లో గేరు స్టీరింగ్ కింద ఉండేది, మార్చుతుంటే గంజి కలుపుతున్నట్టుండేది. ఇందులో బెత్తెడు పొడవు కర్ర, మణికట్టు తిప్పితే పడుతుంది. అదే రకం ఇంజన్, వాల్వుల్ని తెరిచే టాపెట్లది అదే చప్పుడు. ఎనిమిది మంది పెళ్లివాళ్లు లేరు, టైముకి చేరాలన్న టెన్షన్ లేదు. ఇన్నేళ్లలో ఆ ఇంజన్ సరదాగా పరిగెత్తడం నేను చూసింది ఆ ఒక్క రోజే.

వారం తర్వాత కొత్త ఎమ్‌జీ టెస్ట్ డ్రైవ్‌కి తీసుకెళ్లావు, సైబర్‌స్టర్. అది ఎలక్ట్రిక్ బండి. మీటనొక్కితే తలుపులు కోడి రెక్కలెత్తినట్టు పైకి లేచాయి. అమ్మ అయితే దాన్ని ఫొటో తీసి నలుగురికీ పంపించింది, ఇప్పుడు మన ఊళ్లోనూ దొరుకుతుందట, 75 లక్షలు అటూఇటూ అని పిన్ని కొడుకు లెక్క చెప్పాడు. నువ్వు చూపించిన మోడల్‌కి రెండు మోటార్లు, 510 హార్స్‌పవర్, వంద కిలోమీటర్ల వేగానికి 3.2 సెకన్లు. తొక్కమన్నాను, తొక్కావు. నా తల వెనక్కెళ్లి సీటుకి అతుక్కుపోయింది, కళ్లజోడు జారింది. గొప్ప బండి. దాని వెనక పని చేసిన వాళ్లకి దణ్ణం పెట్టాలి, వాళ్లూ నీలాంటి పిల్లలే కదా.

ఆ మూడు సెకన్లూ అయిపోయాక ఏం చేశావో గుర్తుందా? 70 మైళ్ల హద్దు దాటకూడదని కాలు తీశావు. మిగతా అరగంటా స్టీరింగ్ ముందున్న స్క్రీన్లలో ఏదో మెనూ వెతుక్కున్నావు. ఆ అరగంటలో బండి తన సత్తాలో పదో వంతు కూడా చూపించలేదు, చూపించే రోడ్డు లేదు. పాతది ఉన్న సత్తా అంతా ఆ పల్లె రోడ్డు మీదే, పోలీసులు ఆపని వేగంలోనే, చేతిలో పెట్టేసింది. ఇంకోటి, సైబర్‌స్టర్ బరువు రెండు టన్నులకి కాస్త తక్కువ. ఒకే బ్యాడ్జి, అవే రెండు సీట్లు, బరువు మాత్రం రెండింతలు.

బరువు ఊరికే పెరగలేదని నాకూ తెలుసు. బ్యాటరీ, ఎయిర్‌బ్యాగులు, గుద్దుకుంటే లోపలికి నలిగి మనిషిని కాపాడే ఇనుప దూలాలు. హైవే మీంచి క్రేన్‌తో లాక్కొచ్చిన బళ్లు మా షెడ్డు ముందు ఎన్ని పడి ఉండేవో నువ్వూ చూశావు. చిన్నప్పుడు నిన్ను అటు చూడనిచ్చేవాణ్ణి కాదు. ఎమ్‌జీబీలో ఎయిర్‌బ్యాగ్ లేదు, బ్రేకేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు, బ్రేకులు ముందు డిస్కు, వెనక డ్రమ్ము. వర్షంలో గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుని బండి జారుతుంది. ఈ విషయంలో "ఆ రోజుల్లో బళ్లు ఇనుములా ఉండేవి" అనే వాళ్ల మాట వినకు. బండి ఇనుములా ఉంటే దెబ్బ మనిషికి తగులుతుంది. అసలు ఆ రోజుల్లో బళ్లన్నీ బాగుండేవీ కావు. బాగోలేనివి ఎప్పుడో తుక్కు కొట్లోకి పోయాయి, మిగిలిన వాటిని చూసి మనం మురిసిపోతున్నాం. ఈ ఎమ్‌జీబీనే తీసుకో. 1974లో అమెరికా నిబంధనల కోసం క్రోమ్ బంపర్లు తీసేసి నల్లటి రబ్బరు బంపర్లు పెట్టారు, బండి ఎత్తు పెంచారు. దాంతో వంపుల్లో ఊగడం మొదలెట్టింది. 1980లో ఆబింగ్డన్ ఫ్యాక్టరీ మూసేసేదాకా అలాగే చేశారు. అందుకే జనం క్రోమ్ బంపర్ బండికే ఎగబడతారు.

కొత్త బళ్లు చేసేవాళ్లకి కూడా ఏదో పోయిందని తెలుసు సుమా. 2011లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం5లో ఇంజన్ శబ్దాన్ని స్పీకర్లలోంచి వినిపించారు. హ్యుందాయ్ అయానిక్ 5 ఎన్ అని ఎలక్ట్రిక్ బండి ఉంది, దాన్లో మార్చడానికి గేర్లే లేవు. అయినా గేరు మారినట్టు ఒక కుదుపు, ఇంజన్ రేస్ చేసినట్టు ఒక శబ్దం కల్పించి పెట్టారు. అల్లుడుగారు దాన్ని వీడియోలో చూపించినప్పుడు నవ్వాను గానీ, తర్వాత జాలేసింది. పెళ్లిలో సన్నాయి వాళ్లు దొరక్క మైకులో రికార్డు వేసినట్టుంది.

అల్లుడుగారు "పాత ఇనుముకి డబ్బులు తగలేయడం" అన్నారు కదా, ఆ మాటలో తప్పేమీ లేదు. ఆయనకి ఒకటి చెప్పు. మీ దేశంలో 40 ఏళ్లు దాటిన బండికి రోడ్డు ట్యాక్స్ లేదు, బండిని పెద్దగా మార్చి ఉండకపోతే ఏటా బండి కండిషన్ చూసే పరీక్ష, ఎంఓటీ కూడా అక్కర్లేదు అని ఆ పెద్దాయన చెప్పారు. ఎంఓటీ అక్కర్లేకపోయినా నువ్వు మాత్రం చేయించు. ఇక విడిభాగాలు. 1988 నుంచి పాత డైల (రేకుని అచ్చు గుద్దే మూసల) మీదే ఎమ్‌జీబీ బాడీలు మళ్లీ కొత్తగా గుద్ది అమ్ముతున్నారు. మన దగ్గర పదేళ్ల కిందటి బండికి హెడ్‌లైట్ దొరకదు, అక్కడ 1972 బండికి బాడీ మొత్తం దొరుకుతుంది.

రెండూ వద్దనుకుంటే మధ్యలో ఇంకో దారి ఉంది, మాజ్డా ఎమ్‌ఎక్స్-5. 1989లో జపాన్ వాళ్లు ఈ పాత ఇంగ్లీషు బళ్ల కిటుకు పట్టుకుని, నూనె కారకుండా చేసి చూపించారు. ఇప్పటికీ టన్ను దరిదాపుల్లోనే ఉంచారు, ఎయిర్‌బ్యాగులు పెట్టి మరీ. బుర్రతో ఆలోచిస్తే నేను అదే కొనమంటాను. కానీ నువ్వు చెవిలో పైపు పెట్టుకున్న రోజు నీ మొహం నేను చూశాను.

కాబట్టి ఎమ్‌జీబీ కొంటే కొను, ఈ లెక్కన కొను. ఆఫీసుకి నీ మామూలు కారు ఉంచుకో. దీన్ని ఎప్పుడు ఎక్కినా చేరాల్సిన టైము ఉండకూడదు. మోటార్‌వే వద్దు, వాన రాత్రి వద్దు. డబ్బిచ్చే ముందు తలుపుల కింద సిల్స్ అనే ఇనుప పట్టీల మీద అయస్కాంతం పెట్టి చూడు. అంటుకోకపోతే తుప్పు తిన్నచోట లప్పం కూరి రంగేశారని అర్థం. ఆ బండి బలమంతా అక్కడే ఉంది, అది పోతే ఇంజన్ ఎంత బాగున్నా వదిలేయ్. హెడ్‌లో వాల్వ్ సీట్లు గట్టివి వేయించారా అని అడుగు, ఈ ఇంజన్ సీసం కలిపిన పెట్రోలు రోజుల్లోది, ఆ సీసమే సీట్లు అరగకుండా కాపాడేది. పెట్రోలు ఈ10 (ఇథనాల్ పది శాతం దాకా కలిపింది) పోయించకు, ఈ5 (ఐదు శాతం దాకా) పోయించు. ఇథనాల్ ఎక్కువైతే పాత రబ్బరు పైపులు మెత్తబడి పోతాయి. కార్బొరేటర్ల మీద గిన్నెల్లా ఉన్నవాటి మూత తిప్పి నూనె ఉందో లేదో నెలకోసారి చూసుకో, పలచటి నూనె చాలు. తగ్గితే పికప్ పోతుంది, నువ్వేమో ఇంకెక్కడో వెతుక్కుంటావు.

పై నెల మా పాత కస్టమర్ ఒకాయన వాళ్లబ్బాయి దగ్గరికి బర్మింగ్‌హామ్ వస్తున్నారు. ఆయన చేతికి సన్నటి సందులు కొలిచే ఉక్కు ఆకుల గుత్తి, నా ఫీలర్ గేజ్ ఇచ్చి పంపుతున్నాను, పాత ధోవతి గుడ్డలో చుట్టి ఉంటుంది, విప్పేటప్పుడు వేళ్లు జాగ్రత్త, ఆకులు పదును. దాని మీద అంకెలన్నీ అరిగిపోయాయి. ఒక ఆకు మీద మాత్రం ఎర్ర రంగు చుక్క ఉంటుంది, నీ చిన్నప్పుడు అమ్మ గోళ్ల రంగు తెచ్చి నువ్వే పెట్టావు. అది 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను. టాపెట్లకీ అదే ఆకు, డిస్ట్రిబ్యూటర్ లోపల తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే పాయింట్లకీ అదే. సందులో పెట్టి లాగితే వెన్న ముద్దలోంచి కత్తి తీసినట్టు రావాలి, మరీ జారిపోకూడదు. మొదటిసారి చేసేటప్పుడు వీడియో కాల్ చెయ్యి. ఇక్కడ అర్ధరాత్రయినా పరవాలేదు, ఎలాగూ మూడింటికి లేచే ఉంటున్నాం.

మీ
నాన్న